గదువ మీద మజ్జిగ చుక్క

పోయిన ఆదివారం గద్వాలలో మా చెల్లె ఇంట్లో అన్నానికి కూర్చున్నాం. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, చివరికి మజ్జిగ. గ్లాసు దించాక బావ గదువ మీద మజ్జిగ చుక్క జారుతోంది. ఆయనకు తెలియలేదు, మాట్లాడుతూనే ఉన్నాడు. చెల్లె కొంగుతో తుడిచేసింది. అలవాటైపోయిన చెయ్యి. అప్పుడు బావ మాట ఆపి, నా వైపు చూడకుండా అన్నాడు: "ఎందుకు చేయించుకున్ననా అనిపిస్తది బావా."

ఆ మాట విని బాధ కంటే ముందు నాకు తృప్తి కలిగింది. అది రాయడం కష్టంగా ఉంది, కానీ అదే నిజం. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలుసు. విప్పి మళ్లీ కట్టుకోగలిగే పనే మంచి పని అని నా నమ్మకం. పాత బావుల గురించి రాసినా, మట్టి మిద్దెల మీద సిమెంటు పోయడం గురించి రాసినా చివరికి అక్కడికే వచ్చేవాణ్ని. రెండేళ్ల కింద బావ దవడ ఆపరేషన్‌కు ఒప్పుకున్నప్పుడూ అదే చెప్పాను. వినలేదు. ఇప్పుడు ఆయనే పశ్చాత్తాపపడుతున్నాడు. అక్కడికక్కడే ఈ వారం కాలమ్ నా తలలో తయారైపోయింది, కత్తి జోలికి పోవద్దని.

బావ నేతగాడు, సన్నటి మనిషి. ఆయన ఆపరేషన్‌కు పోయింది నిద్రలో ఊపిరాగే జబ్బుకు. అది లావుపాటివాళ్ల జబ్బని మనవైపు అనుకుంటారు. బావకు పుట్టుకతోనే కింది దవడ చిన్నది, కొంచెం వెనక్కి ఉండేది. అలాంటివాళ్లు వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతు దారి మూసుకుంటుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరిగితే డాక్టర్లు ఒకటిగా లెక్కేస్తారు. గంటకు 5 దాటితే జబ్బు, 30 దాటితే తీవ్రం. హైదరాబాదులో ఒక రాత్రి ఒంటికి తీగలు తగిలించి చూస్తే బావకు 52 వచ్చింది. పగలు మగ్గం మీదే కునికేవాడు. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర బండి నడుపుతూ కన్ను మూతపడి రోడ్డు దిగిపోయాడు.

మొదట గాలి మిషన్ ఇచ్చారు. ముక్కుకు మాస్కు తగిలిస్తే గాలి ఒత్తిడి గొంతు దారిని మూసుకోనివ్వదు. సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టరు 1981లో దాన్ని లోకానికి చెప్పేదాకా, జబ్బు ముదిరినవాళ్లకు గొంతుకు రంధ్రం పెట్టడమే గట్టి వైద్యం. నాకు ఆ మిషన్ అంటే గౌరవం. పొద్దున తీసి పక్కన పెట్టవచ్చు, ఒంట్లో ఏదీ మారదు. బావ ఏడు నెలలు ప్రయత్నించాడు. గద్వాల ఎండాకాలం, ముఖానికి బిగించిన పట్టీలు, అర్ధరాత్రి పోయే కరెంటు. ఊపిరాడక లేచి కూర్చునేవాడు. చివరికి మిషన్ అటక మీదికెక్కింది. బావ అరెకరం అమ్మి ఆపరేషన్‌కు పోయాడు.

ఆ ఆపరేషన్ ఏమిటో నాకు బావే మగ్గం చూపించి చెప్పాడు. పడుగు వదులైతే పోగులు రెండు పొరలుగా సరిగ్గా విడిపోవు, నాడె మధ్యలో తట్టుకుంటుంది. అప్పుడు నేతగాడు బట్టను కోయడు, పడుగును లాగి బిగిస్తాడు. ఇదీ అంతే. గొంతును ముట్టుకోరు. పై దవడనూ కింది దవడనూ కోసి, దాదాపు ఒక సెంటీమీటరు ముందుకు జరిపి, టైటానియం పట్టీలతో బిగిస్తారు. దవడతోపాటు నాలుకా, గొంతు కండరాలూ ముందుకు లాగబడి దారి తెరుచుకుంటుంది. చిక్కల్లా కింది దవడలో. వెదురును నిలువునా చీల్చినట్టు ఆ ఎముకను చీలుస్తారు, దాని లోపలే ఒక నరం నడుస్తుంది. కింది పెదవికీ గదువకూ స్పర్శ ఆ నరానిదే. చాలామందికి కొన్ని నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. బావకు రాలేదు. గడ్డం గీసుకుంటే తెగింది తెలియదు, అద్దంలో రక్తం చూసి తెలుసుకుంటాడు. పండ్లు మునుపటిలా కలవక రొట్టె ముక్కను పక్క పండ్లతో తెంపుతాడు. ఇంటికొచ్చిన రోజు బావ వాళ్లమ్మ, అంటే మా అత్త, కొడుకు ముఖం చేతుల్లోకి తీసుకుని, "నీ మొగం ఏడబోయింది బిడ్డా" అందట. అది ఆయన మరిచిపోలేదు.

మగ్గం మాటొచ్చింది కాబట్టి మామ గురించి చెప్పాలి. బావ మా మేనమామ కొడుకు. నా చిన్నతనం ఎండాకాలాలన్నీ గద్వాలలో మామ గుంట మగ్గం పక్కనే గడిచాయి. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలు పడుగు ముగిసే చోట కొంగుకు కావలసిన పట్టు పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. మామ వేళ్లకు బూడిద అద్దుకుని, నూలు పోగునూ పట్టు పోగునూ కలిపి మెలివేసేవాడు. వందల పోగులు. మధ్యలో ఎవరూ పలకరించకూడదు. అంచుల దగ్గర మూడు నాడెలు ఆడేవి, ఒళ్లు పోగూ అంచు పోగూ ఒకదాన్నొకటి పట్టుకునేవి. నూలుకు నూలు గుణం, పట్టుకు పట్టు గుణం. ఉతికితే ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా నడుస్తుంది. ఆ రెంటినీ జీవితాంతం కలిపి ఉంచేది ఆ అతుకే.

కొనేవాళ్లొస్తే మామ చీరను కొంగు వైపు నుంచి చూపేవాడు కాదు. ముందు తిరగేసి అతుకు చూపేవాడు. "ఈడ అతికిన. గుంజి చూడుండ్రి. గిది చూసినంకనే ధర అడుగుండ్రి" అనేవాడు. దాచిపెట్టి అమ్మితే నాలుగు చీరలు ఎక్కువ అమ్ముడుపోతాయని ఎవరో అంటే, ఆయన వాళ్లతో మాట్లాడ్డమే మానేశాడు.

ఆదివారం రాత్రి నేను గద్వాలలోనే ఉండిపోయాను. ఎండ వేడికి మిద్దె మీద పడుకున్నాం. ఒకప్పుడు బావ గురక మూడిళ్ల అవతలికి వినిపించేది. ఆ రాత్రి ఏమీ లేదు. నాకే నిద్ర పట్టలేదు. ఊపిరి ఎప్పుడు ఆగుతుందా అని చెవి అటే పెట్టుకుని పడుకున్నాను. ఆ అలవాటు చిన్నప్పటిది. నాగర్‌కర్నూల్‌లో నాన్న ఉద్యోగం చేసిన రోజుల్లో, నాన్న గురక హఠాత్తుగా ఆగిపోతే అమ్మ చీకట్లో లేచి ఆయన భుజం తట్టేది. ఎన్నేళ్లు అలా తట్టిందో. 58వ ఏట నాన్న నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. పరీక్ష లేదు, పేరు లేదు. 2022 ఫిబ్రవరి 15న 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' సినిమాలకు సంగీతమిచ్చిన బప్పీ లహరి పోయినప్పుడు, డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు పేరు పేపర్లో చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

బావ ఊపిరి ఆగలేదు. పొద్దున చెల్లెతో ఆ మాట అంటే, పొయ్యి దగ్గర నుంచి అంది: "రెండేండ్లాయె అన్నా, నేను గూడ నిద్రపోతున్న."

నేను తలలో రాసుకున్న కాలమ్ అక్కడ కూలిపోయింది. బావ పశ్చాత్తాపాన్ని నా నమ్మకానికి సాక్ష్యంగా వాడుకోబోయాను, అది తప్పు. గద్వాల చీర విప్పి మళ్లీ కట్టుకోగలిగే పని కాదు. ఒకసారి అతికితే అతికినట్టే. ఆ చీరలు నేసిన ఇంట్లో అన్ని ఎండాకాలాలు గడిపి, విప్పలేని పని చెడ్డదని ఇన్నేళ్లు ఎలా రాశానో.

బావను అడిగాను, ఆపరేషన్ వద్దనాల్సింది అనుకుంటున్నావా అని. చాలాసేపు ఆలోచించాడు. "వద్దని గాదు బావా. ముందుగాల నాకు చెప్పలే. ఇంగ్లీషు కాయితం మీద సంతకం పెట్టించుకున్నరు. తర్వాత గదువ తెల్వట్లేదంటే, 52 ఉన్నది 9 అయింది గదా, సంతోషపడు అన్నరు."

ఆ 9 నిజం. ఆ గదువా నిజం. 2016లో 45 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ ప్రకారం ఈ ఆపరేషన్ నూటికి 85 మందికి పైగా సఫలమైంది. సఫలమంటే ఆ సంఖ్య కనీసం సగానికి తగ్గి, 20 లోపుకు దిగడం. 5 లోపుకు, అంటే జబ్బే లేనంతగా దిగినవాళ్లు నూటికి 38, 39 మంది. ఇదీ మంచి ఫలితమే. కానీ సఫలం అనే ఆ మాటలో బావ గదువ ఎక్కడా లేదు, అత్త అడిగిన ప్రశ్న లేదు. కోసిన చేతి నైపుణ్యాన్ని నేను తప్పుపట్టను. మామ ఏ ధర్మంతో చీర తిరగేసి చూపాడో, ఆ ధర్మం ఆ కాగితం మీద లేదు.

నాగర్‌కర్నూల్, వనపర్తి మెడికల్ కాలేజీలు 2022లో మొదలయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. అక్కడి డాక్టర్లను నేను అడిగేది రెండే. దవడ ఆపరేషన్‌కు హైదరాబాదు పంపే ముందు, పెదవి మొద్దుబారొచ్చనీ ముఖం మారొచ్చనీ మన పాలమూరు మాటల్లో చెప్పండి. ఏడాది తర్వాత పిలిచి గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో రాసే పక్కనే, మజ్జిగ తాగితే తెలుస్తోందా, అద్దం చూస్తే ఎలా ఉంది అని అడిగి అదీ రాయండి.

ఇది రాస్తున్నానని బావకు ఫోన్ చేస్తే ఒక్క మాట వేయమన్నాడు. ఈ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ కాలమ్‌కు ఉత్తరం రాయండి, బావ దగ్గరికి నేనే తీసుకుపోతాను. "అతుకు చూపిస్త" అన్నాడు.