గూడు చెట్టు మీద, వంటిల్లు తంపరలో

భావనపాడు నుంచి నౌపడా మీదుగా టెక్కలి వైపు వస్తుంటే ఉప్పుమళ్ళు కనిపిస్తాయి. అవి దాటి తేలినీలాపురం చేరేసరికి ముందు నీచువాసన పలకరిస్తుంది. తలెత్తితే చింతకొమ్మలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. శీతాకాలమంతా ఈ ఊరు పక్షులకు పురిటిల్లు.

ఊళ్ళో వీటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి ఇక్కడ గూళ్ళు కట్టే గూడకొంగ, ఎర్రకాళ్ళ కొంగ రెండూ మన దక్షిణాసియా పక్షులే. అసలు సైబీరియా చుట్టం వేరే ఉంది. అది వంపుముక్కు ఉల్లంకి. అరవై గ్రాములు తూగే ఆ పిట్ట ఉత్తరాన టండ్రాలో పుట్టి, చలికాలానికి మన తీరాల బురదనేలలకు వస్తుంది. తిని పోతుందే తప్ప ఇక్కడ ఒక్క పుల్ల పేర్చదు. పనితనం చూడాలంటే కొంగల దగ్గరికే రావాలి.

గూడకొంగ దాదాపు ఐదు కిలోల బరువు. అంత పక్షి చివరి కొమ్మల్లో కాపురం పెడుతుంది. మగది ముక్కున పుల్ల కరుచుకొస్తుంది. ఆడది అందుకుని, తిప్పి, సందు చూసి దూర్చి నొక్కుతుంది. కుదరకపోతే లాగి మళ్ళీ పెడుతుంది. మట్టి లేదు, ముడి లేదు. పుల్లకు పుల్లే ఆసరా. ఎర్రకాళ్ళ కొంగ పుల్లల మీద పచ్చి ఆకులు కూడా పరుస్తుంది. ఎండ ముదిరితే రెక్కలు చాపి పిల్లలకు గొడుగు పడుతుంది.

వేటలోనూ ఎర్రకాళ్ళ కొంగది ఇలాంటి నేర్పే. మోకాలి లోతు లేని నీళ్ళలో ముక్కు సగం తెరిచి నడుస్తుంది. చేప తగిలిందా, టక్కున మూస్తుంది. కంటితో పనిలేదు, స్పర్శే చాలు. గూడకొంగ పిల్లయితే తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి తింటుంది.

అందుకే గూడు చెట్టు మీదున్నా వంటిల్లు తంపరలో, అంటే చిత్తడినేలలో, ఉంటుంది. అయినా ఏ కాలనీ శాశ్వతం కాదు. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో చూసిన పెద్ద గూడకొంగల కాలనీ తర్వాత కొన్ని దశాబ్దాలకే ఖాళీ అయింది. తేలినీలాపురం ఉన్న ఈ తీరంలో బీలలూ తంపరలూ అనే చిత్తడినేలలు ఊరికే మిగల్లేదు. థర్మల్ కేంద్రాలొద్దని నిలబడ్డందుకు 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో జనం ప్రాణాలు పోయాయి. వాళ్ళు పోరాడింది తమ చేపల కోసం, పంటల కోసం. ఆ నీళ్ళలోనే కొంగల తిండీ ఉంది.

పక్షులు వెళ్ళిపోయాక ఖాళీ గూటి కింద నిలబడి చూడండి. పుల్లల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. పని సరిగ్గా రాలేదనుకుంటాం. కానీ వాననీళ్ళు జారిపోవాలన్నా, రెట్ట రాలిపోవాలన్నా, గాలికి గూడు కొమ్మతోపాటు ఊగాలన్నా ఆ సందులే కావాలి.