ఇంటిముచ్చటలును రాజ్యవిషయములును

స్వవిషయరచనలను గూర్చి మన విమర్శకులలో ఒక చులకనభావము చిరకాలమునుండి పాతుకొనియున్నది. ఒకానొకడు తన ప్రొద్దుటి కాఫీని, తన పెంపుడు పిల్లిని, తన వీధికుళాయివద్ది తగవును వర్ణించి, ఆ మీదట పన్నులను గూర్చియు ఎన్నికలను గూర్చియు తన యభిప్రాయమును జోడించినచో, ‘ఇది వాఙ్మయ మెట్లగును? ఇతని పిల్లితో మాకేమి పని?’ అని పెదవి విఱుతురు. ఈ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. అట్టి రచనలలో నూటికి తొంబది చదువదగినవి కావు. కాని పద్యకావ్యములలో మాత్రము నూటికి తొంబది చదువదగినవా యని మేము తిరిగి యడుగవలసియున్నది. చెడ్డవానిని చూపి జాతినంతటిని త్రోసివేయుట విమర్శకు లక్షణము గాదు. ఇంటిముచ్చట ఏ సందర్భమున వాఙ్మయ మగును, ఏ సందర్భమున వట్టి వదరు అగును అనునదియే విచారింపదగిన విషయము.

మన భాషలో ఈ రీతికి ఆద్యులనదగినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి. 1830 మే 18వ తేదీని పరివారముతో పల్లకీలమీద కాశికి బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదీని ఇలు చేరెను. దారిలో చూచినదెల్ల కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచు వచ్చెను. ఆ వ్రాతయే 1838లో, ఆయన గతించిన రెండేండ్లకు, ‘కాశీయాత్రచరిత్ర’ యని అచ్చుపడెను. ఆ గ్రంథమున మజిలీకొక మజిలీకి ఆయన చూచినదేమి? ఊరిలో అంగళ్లు కలవా, మంచినీరు దొరకునా, దిగుటకు చోటున్నదా యనునవి. పుణ్యక్షేత్రమాహాత్మ్యమునకై గ్రంథము విప్పినవారికి ఈ అంగళ్ల లెక్క విసుగు పుట్టింపవచ్చును. మాకు మాత్రము ఆ లెక్కయే గ్రంథమునకు ప్రాణమని తోచుచున్నది. ఏలయన, ఆయన రాజ్యతంత్రమును గూర్చి పలికిన ప్రతిమాటయు ఆ అంగళ్లమీదను ఆ బావులమీదను నిలిచియున్నది. శ్రీశైలమునకు పోయినప్పుడు, కందనూరు నవాబు యాత్రికులవద్ద సొమ్ము పుచ్చుకొనుటయే గాని గుడి బాగోగులు విచారింపడని ఆయన నొచ్చుకొనెను. ఆ నవాబుల రాజ్యము 1839లో కుంపిణీవారిపాలయ్యెను. చరిత్రకారుడు ఆ యేటి సంగతి వ్రాయును. ఏల ఆ రాజ్యము ప్రజల మనస్సులలో అంతకు ముందే చచ్చియుండెనో యాత్రికుని వ్రాతలో కనబడును. కుంపిణీవారియందు వీరాస్వామయ్యగారికి గల భక్తి నేటివారికి రుచింపదు. రుచింపవలసిన పనియు లేదు. ఆ భక్తి ఎట్టి యనుభవములనుండి పుట్టెనో ఆయన దాచలేదు గనుక, మనము ఆయనతో తగవులాడుటకు వలసిన సాధనసంపత్తియంతయు ఆయనయే మన చేతికిచ్చి పోయినాడు. ఇది సామాన్యమైన నిజాయితీ గాదు.

వీరేశలింగముపంతులుగారి ‘స్వీయచరిత్రము’ దీనికి భిన్నమైన ఫక్కి. వ్యాజ్యములు, పత్రికావివాదములు, ప్రతిపక్షుల దుస్తంత్రములు అందు పుటలకు పుటలు నిండియున్నవి. ఇల్లు మాత్రము తలుపుసందునుండి చూచినట్లు అప్పుడప్పుడు కనబడును. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగిన దినములలో వంటవారు మానివేసిరి, నీళ్లు తెచ్చువారు మానివేసిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి బిందెతో నీళ్లు మోసి తెచ్చిరి. సంఘబహిష్కారమనగా నేమో ఆ బిందె చెప్పినట్లు ఏ యుపన్యాసమును చెప్పలేదు. బహిష్కారమునకు తీర్మానము వ్రాయువారు పురుషులు. దాని బరువు దిగునది స్త్రీల నడుముమీద. పంతులుగారు వివాదములను కొంత కుదించి ఆ వంటయింటి దినములను ఇంకొంత విప్పియుండినచో గ్రంథము రెండింతలు గొప్పదయ్యెడిదని మా తలంపు. ఆ బిందె మోసినవారి దినచర్యయే మనకు దక్కినచో ఎట్లుండెడిదో! ఆమె 1910లో గతించిరి. మఱుసటియేడు గ్రంథము మొదటిభాగము వెలువడెను.

ఇక గురజాడ అప్పారావుగారి విషయము మఱియు చిత్రమైనది. నాటకమున మనుష్యులు మాటలాడు తెలుగునకు పట్టముగట్టిన ఆ మహనీయుడు తన దినచర్యలను చాలవఱకు ఇంగ్లీషున వ్రాసికొనెను. దీనిని దోషముగా నెన్నుట మా యుద్దేశము గాదు. ఆ కాలపు చదువు అట్టిది. కాని ఇందొక మర్మము కలదు. మనలో చదువుకొన్నవారికి ఇంటి సంగతులు ఒక భాష, రాజ్యవిషయములు మఱియొక భాష. హొళగుంద ప్రాంతమున ఈ చీలిక మఱింత స్పష్టము. ఇచట ఎన్నో యిండ్లలో అమ్మతో కన్నడము, బడిలో తెలుగు, అర్జీలో ఇంగ్లీషు. 1953 అక్టోబరు 1వ తేదీని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రరాష్ట్రమున చేరెను; బళ్లారి మైసూరునకు పోయెను. నాడు గీచిన గీఱ వంటయిండ్లలోనుండి పోలేదు. పిల్లనిచ్చినవారు అటు, తెచ్చుకొన్నవారు ఇటు నుందురు. ఇట్టి చోట ఒకడు దినచర్య వ్రాసినచో రాజ్యవిషయము వేఱుగ తేవలసిన పనియే లేదు. ఏ మాట ఏ భాషలో నోట వచ్చినదో వ్రాసిన చాలును.

స్వవిషయరచనలను పరీక్షించుటకు మాకు దొరికిన గీటురాయి ఇచటనే యున్నది. రచయిత తన పిల్లిని గూర్చి వ్రాయునప్పుడు వాడిన భాషను, ప్రభుత్వమును గూర్చి వ్రాయునప్పుడు వాడిన భాషతో పోల్చి చూడుడు. పిల్లి దగ్గఱ వాక్యము చిన్నదిగా, సొంతముగా, తడితో నుండును. ప్రభుత్వము వచ్చుసరికి ‘ప్రజాస్వామ్యవిలువలు’, ‘సర్వతోముఖాభివృద్ధి’ యని వార్తాపత్రికలోని మాటలు వరుసగా దిగును. అంతట మనకు తెలియును, మొదటిది అతని కన్నులు చూచినది, రెండవది అరువు తెచ్చుకొన్నది యని. అభిప్రాయము తప్పా ఒప్పా యనునది వేఱు విషయము. అరువుసొమ్ముతో పెట్టిన సంతర్పణ ఎంత ఘనమైనను ఇంటివారి గొప్ప కాదుగదా.

పెంపుడు జంతువులను గూర్చి ప్రత్యేకముగ నాలుగు మాటలు చెప్పవలెను. పట్టణములవారు పెంపుడు జంతువనగా కుక్కయో పిల్లియో యనుకొందురు. మా మెట్టప్రాంతమున ఆ స్థానము ఎద్దుది. ఏరువాకపున్నమినాడు దానికి నీళ్లుపోసి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలుగట్టి ఊరేగింతురు. దానికి పేరుండును, కోపతాపములుండును, ఇంటి పిల్లలతో చెలిమియుండును. ఆ యెద్దునే వానలు తప్పిన యేడు ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలోని పశువులసంతకు తోలుకొనిపోవలసివచ్చును. ఇట్టి ప్రేమను, ఇట్టి అమ్మకమును ఒక్కచోట పెట్టి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. వ్రాయువారు ప్రేమను పద్యములోను, అమ్మకమును కఱవు నివేదికలోను పెట్టుదురు.

ఇంగ్లండులో డాక్టరు జాన్సనునకు హాడ్జి యను పిల్లి యుండెను. దానికి ఆల్చిప్పల మాంసము ప్రీతి. అది తెచ్చుటకు ఆయన నౌకరులను పంపక తానే స్వయముగ బజారునకు పోవుచుండెనట. ఒక జంతువునకై తమ్ము తిప్పుచున్నాడన్న విసుగుతో నౌకరులు ఆ పిల్లిమీద కక్షగట్టుదురేమో యని ఆయన భయము. ఈ సంగతిని బాస్‌వెల్లు 1791లో ప్రకటించిన జీవితచరిత్రలో వ్రాసెను. చిన్న సంగతియే. కాని యజమానునికిని నౌకరునకును నడుమ జంతువు నిలుచున్నప్పుడు న్యాయము ఎట్లు తూగవలెనో అందు కలదు.

మన యిండ్లలో ఆ త్రాసు ఎట్లు తూగినదో చెప్పుటకు సిగ్గగుచున్నది. పిల్లి వంటయింటిలోనికి వచ్చి పొయ్యిగట్టుమీద పరుండును. ఎవరును మైల యనరు. ఇల్లు కట్టినవాడు, చేను దున్నినవాడు గడప దాటరాదు. 1927 మార్చి 20వ తేదీని అంబేద్కరుగారు మహద్ పట్టణమున చవుదారు చెఱువు నీరు దోసిలితో త్రాగినది ఈ వైపరీత్యమునకు ప్రత్యుత్తరముగనే. పశువులు త్రాగు నీటిని మనుష్యులు ముట్టరాదను ధర్మమును ఆ దోసిలి ప్రశ్నించెను. తెలుగున ఈ ప్రశ్నను జంతువు నోటనుంచి వినిపించుటకు పూనినవారు జాషువగారు. 1941 నాటి ‘గబ్బిలము’ పద్యకావ్యమే యైనను, మా విచారణకు అది అత్యంత సమీపమైనది. చీకటియింటిలోనికి వచ్చిన గబ్బిలమును పట్టి ఆ నిఱుపేద తన మొఱను శివునికి పంపును. గుడిలో గబ్బిలమునకు చోటున్నది, తనకు లేదు. కాళిదాసు మేఘమును పంపెను, మేఘము సుందరమైనది. ఈయన గబ్బిలమును పంపెను, ఏలయన వాని యింటికి వచ్చు చుట్టము అదియే. పెంపుడు జంతువును గూర్చి వ్రాయదలచినవారు ఈ కావ్యమును చదివి, తమ పిల్లి యే గడపలు దాటుచున్నదో, ఆ గడపలను దాటలేనివా రెవరో ఒక్కమాటు లెక్కించుకొన్న పిమ్మట కలము పట్టినచో మంచిది.

ఆధునికులలో చలముగారి ‘మ్యూజింగ్స్’ను విడిచి ఈ విచారణ సాగదు. ఇల్లు, పిల్లలు, చెట్లు, పక్షులు, సాహిత్యము, రాజకీయములు — మనస్సునకు ఏది తోచిన అది, ఏ క్రమమును లేక, ఆయన వ్రాసికొనిపోయెను. ఆయన వాక్యమున అరువు మాట యుండదు. మా గీటురాయిమీద ఆ బంగారమునకు వన్నె తగ్గదు. అయినను ఒక కొఱత చెప్పక తప్పదు. పక్షిని వర్ణించునప్పుడు ఆయన చూపును మనకును పంచిపెట్టును. మనుష్యులను, వారి రాజకీయములను తీర్పుతీర్చునప్పుడు మాత్రము తీర్పు మనకు వినబడును గాని సాక్ష్యము కనబడదు. నచ్చినవారు తలయూపుదురు, నచ్చనివారు పుస్తకము మూయుదురు. వీరాస్వామయ్యగారివలె తగవులాడుటకు అవకాశమీయడు. ఆయన ననుకరించిన తరువాతివారికి ఆయన చూపు అబ్బలేదు, తీర్పు మాత్రము అబ్బినది. అందుచేత ఈ కొఱతను ఎత్తిచూపవలసివచ్చెను.

మా ప్రాంతమును గూర్చి బయటివారు వ్రాయు వ్రాతలలో ఈ దోషము ఏటేట కనబడును. హొళగుంద మండలములోని దేవరగట్టున దసరా రాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవవిగ్రహములకై నెరణికి, నెరణికితండా, కొత్తపేట గ్రామములవారు ఒక కట్టుగను, చుట్టుపట్ల గ్రామములవారు మఱియొక కట్టుగను కఱ్ఱలతో తలపడుదురు. తలలు పగులును, గాయములకు పసుపు అద్దుదురు, పోలీసువారు వత్తురు, మఱునాడు పత్రికలలో ‘మూఢాచారము’ అని ఒకరును, ‘భక్తిపరాకాష్ఠ’ యని యింకొకరును వ్రాయుదురు. తలలు పగులుట మాన్పవలసినదే. అందు మాకు రెండవ యభిప్రాయము లేదు. కాని ఈ రెండు వ్రాతలును ఒక్క రాత్రి వచ్చి పోయినవారివి. ఆ కఱ్ఱను ఏ నెలలో కొట్టి తెచ్చిరి, దాని కొసకు ఇనుపకట్టు ఎవరు వేసిరి, ఆ రాత్రి ఇంటనుండు ఇల్లాలు ఏ జామువఱకు మేలుకొనియుండెను, మఱునాడు గాయపడినవాడు కూలికి పోలేనప్పుడు పొయ్యి ఎట్లు వెలిగినది — ఇవి ఆ యింటివాడు గాని ఆ యింటియామె గాని వ్రాయవలసినవి. అట్టి పుట యొకటి వ్రాయబడినచో దానిని చదివి ఆ యూరివారే కఱ్ఱను దింపవచ్చును. బయటివాని ధిక్కారమునకు దించరు.

వలసయు నట్టిదే. వాన చాలని యేండ్లలో ఈ పల్లెలవారు ఇండ్లకు తాళములు వేసి, మిరపకాయలు కోయుటకు గుంటూరు ప్రాంతమునకు పోవుట అందఱెఱిగినదే. సంఖ్యలు పత్రికలలో వచ్చును. ఇంట మిగిలినవారు ముసలివారు. గడపదగ్గఱ మిగిలినది కుక్క. ఆ ముసలామె తనకు వండుకొన్న రొట్టెలో దానికి ఎంత పెట్టుచున్నదో, పిల్లవాని బడి మూడునెలలు ఎట్లు తప్పినదో, తిరిగివచ్చిననాడు ఆ కుక్క ఎవరిని ముందు గుర్తుపట్టినదో వ్రాసినవారిని మేమింకను చూడలేదు. అది వ్రాసినవానిని ‘నీ కుక్కతో మాకేమి పని’ యని ఏ విమర్శకుడు అడుగగలడు?

వ్రాసినవారు బొత్తిగా లేరనియు అనజాలము. ఆదోని ప్రత్తిమండీలలోను, పల్లెల కోమట్ల ఇండ్లలోను పాతకాలపు చిట్టా ఆవర్జాలు అటకలమీద ఉండెడివి. జమాఖర్చుల నడుమ మూలన ఒక్కొక్కచో ఒక పంక్తి యుండును: ఫలానినాడు వాన పడెనని, ఫలాని యెద్దు చచ్చెనని, కూలి యింత పెరిగెనని. లెక్క వ్రాయువాడు అది సాహిత్యమని యెఱుగడు. ఆ పుస్తకములు ఇప్పుడు చాలవఱకు తూకమునకు పోయి పొట్లములైనవి. కొన్ని భోగిమంటలో పడుచున్నవి. వీరాస్వామయ్యగారి వ్రాతలను ఒక మిత్రుడు పదిలపఱచెను గనుక కాశీయాత్రచరిత్ర మనకు మిగిలెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల పరిష్కరించి అచ్చువేయించిరి. మా చదువరుల అటకలమీద ఇంకను ఏవైన మిగిలియున్నచో, వచ్చు భోగికి ముందుగా దింపి, దుమ్ము దులిపి, అంకెల ప్రక్కన మూలను చూడుడు.