ఐదడుగుల తొమ్మిదంగుళాల డిఫెండర్

ఐస్ హాకీ చూసేవాళ్ళ కళ్ళు సహజంగా పక్ అనే ఆ రబ్బరు బిళ్ళ వెంటే పరిగెడతాయి. మాంట్రియల్ కెనేడియన్స్ తరఫున లేన్ హట్సన్ ఆడుతుంటే మాత్రం పక్‌ని కాసేపు వదిలేసి, అతన్ని ఆపడానికి వచ్చిన ఆటగాడి మోకాళ్ళు చూడాలి. అవి ఒకవైపు వంగి, తడబడి, రెండోవైపు తిరిగేలోపు హట్సన్ అక్కడ ఉండడు. 2024-25లో తన తొలి పూర్తి సీజన్ ఆడిన ఈ కుర్రాడి పనితనమంతా ఆ తడబాటును పుట్టించడంలోనే ఉంది.

అది ఎందుకంత గొప్పో తెలియాలంటే అతను నిలబడే చోటు తెలియాలి. రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. గోల్‌కీపర్ కాక జట్టుకి ఐదుగురు, అందులో ఇద్దరు డిఫెండర్లు. జట్టు దాడిలో ఉన్నప్పుడు ఆ ఇద్దరూ ఎదుటివాళ్ళ వైపున్న నీలి గీత దగ్గర కాపు కాస్తారు. అక్కణ్ణుంచి గోల్ గీతకి 64 అడుగులు. పక్ ఆ నీలి గీత దాటి బయటికి జారిందంటే దాడిలో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చి మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. అది నయం. గీత మీదే పక్ పోగొట్టుకుంటే వెనక గోల్‌కీపర్ తప్ప సాధారణంగా అడ్డుకునేవాడే ఉండడు. అందుకే చిన్నప్పటి నుంచీ డిఫెండర్లకి నూరిపోసే పాఠం ఒకటే: గీత దగ్గర విన్యాసాలు వద్దు, పక్ అందగానే గోల్ వైపు కొట్టెయ్, కుదరకపోతే పక్కగోడ వెంబడి లోతుకి తోసెయ్.

హట్సన్ సరిగ్గా అక్కడే విన్యాసాలు చేస్తాడు.

నెమ్మదిగా తిప్పి చూస్తే ఆ పని ఇలా కనిపిస్తుంది. పాస్ అందుతుంది. ఎదుటి జట్టు వింగర్ షాట్‌కి అడ్డుపడదామని మీదికొస్తాడు. హట్సన్ ఒక భుజం కాస్త దించి, తల అటు తిప్పి, షాట్ కొట్టబోతున్నట్టు కర్ర ఎత్తుతాడు. వింగర్ బరువు ఆ వైపు పడుతుంది. అంతే, హట్సన్ రెండో వైపు సాగిపోతాడు. మామూలుగా పక్కకి వెళ్ళాలంటే స్కేటర్ కాలి మీదుగా కాలు వేయాలి. ఆ క్షణంలో ఎటు పోతున్నాడో చూసేవాడికి తెలిసిపోతుంది. హట్సన్ రెండు మడమలూ ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, కాలివేళ్ళు చెరోవైపు తిప్పి జారుతాడు. స్కేట్ బ్లేడు అడుగున సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు ఉంటాయి. ఏ అంచు మీద బరువు మోపితే స్కేట్ అటు ఒరుగుతుంది. ఆ భంగిమలో అతని ఛాతీ గోల్ వైపే ఉంటుంది, కళ్ళు పైకే ఉంటాయి, శరీరం మాత్రం పక్కకి పోతుంటుంది. షాట్ వస్తుందా, పాస్ వస్తుందా, అసలు తననే దాటేస్తాడా అన్నది ఎదుటివాడు తేల్చుకోలేడు. కూతకి వెళ్ళిన కబడ్డీ ఆటగాడు నడుముతో ఒకవైపు ఆశ చూపించి కాలు రెండోవైపు చాచినట్టు ఉంటుంది ఆ వరస.

దీనివల్ల వచ్చేది అర సెకను. దాన్ని అతను తన కోసం వాడుకునేది తక్కువ. 82 మ్యాచ్‌ల్లో అతని గోల్స్ ఆరంటే ఆరు, అసిస్ట్‌లు 60. గోల్‌కి ముందు పక్‌ని అందించిన సహచరుల్లో గరిష్ఠంగా ఇద్దరికి అసిస్ట్ రాస్తారు. జట్టు కెప్టెన్ నిక్ సుజుకీకి ఆ ఏడాది 59 అసిస్ట్‌లు. అంటే జట్టులో అందరికంటే ఎక్కువ అసిస్ట్‌లు కొత్తగా వచ్చిన డిఫెండర్‌వే. తొలి సీజన్ డిఫెండర్‌కి 60 అసిస్ట్‌లన్నది ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్) రికార్డు. 1980-81లో లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కి ఆడిన లారీ మర్ఫీ నెలకొల్పితే, అన్నేళ్ళ తర్వాత హట్సన్ దాన్ని అందుకున్నాడు. గోల్స్, అసిస్ట్‌లు కలిపి మొత్తం 66 పాయింట్లతో, 1984-85లో క్రిస్ చెలియోస్ 64 పాయింట్లతో నెలకొల్పిన కెనేడియన్స్ తొలి సీజన్ డిఫెండర్ల రికార్డునీ దాటేశాడు. గోల్స్ ఎక్కువగా సాగే 1980ల నాటి ఆటలో పుట్టిన అంకెలవి. నేటి కట్టుదిట్టమైన ఆటలో వాటిని అందుకోవడమే నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

ఆ అర సెకను ఎవరికి చేరిందో కూడా చూడాలి. వింగర్ ఒకడు హట్సన్ వైపు లాగబడ్డాడంటే వెనక ఒక సందు తెరుచుకుంటుంది. సహచరుడు కోల్ కాఫీల్డ్ లాంటి షూటర్‌కి కావలసింది ఆ సందే. ఆ సీజన్‌లో కాఫీల్డ్ 37 గోల్స్ కొట్టాడు, సుజుకీ 89 పాయింట్లు చేశాడు. ఈ ఘనతంతా హట్సన్‌దే అనడం అతిశయోక్తి. వాళ్ళు అంతకుముందే గట్టి ఆటగాళ్ళు. కానీ వాళ్ళకి పాస్ సరైన వేళకి, సరైన కోణంలో, కర్ర కదిలించే పని లేకుండా అందిన సందర్భాలు పెరిగాయి. 2023-24లో 76 పాయింట్లతో తన డివిజన్ పట్టిక అడుగున ఉన్న జట్టు మరుసటి ఏడాది 91కి చేరి, సీజన్ ఆఖరి మ్యాచ్‌లో కరోలినాని ఓడించి ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది.

అందరూ ఒప్పుకోని విషయం ఒకటుంది. డిఫెండర్ మొదటి పని ఆపడం కదా, ఇతను ఆపుతాడా? గోల్ ముందు పెద్ద దేహంతో నిలబడ్డ ఫార్వర్డ్‌ని నెట్టేసే బలం హట్సన్‌కి లేదు. మూల మలుపుల్లో జరిగే తోపులాటలో చాలాసార్లు ఓడిపోతాడు. గీత దగ్గర చేసే సాహసం బెడిసికొట్టిన రోజులూ ఉన్నాయి. అతని రక్షణ ఇంకో రకం. సొంత గోల్ వెనక పక్ కోసం వెళ్ళేటప్పుడు, అందుకోకముందే భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. తరిమేవాడు ఎటు నుంచి వస్తున్నాడో ముందే తెలుసుకుని, అటే వెళ్తున్నట్టు నటించి ఇటు తిరుగుతాడు. దెబ్బ తగలకముందే పక్ బయటపడుతుంది. పక్ తమ దగ్గరున్నంతసేపూ ఎదుటివాడు గోల్ కొట్టలేడన్న లెక్క మీద నడిచే రక్షణ ఇది. ప్లేఆఫ్స్‌లో బరువైన వాషింగ్టన్ క్యాపిటల్స్ ఐదు మ్యాచ్‌ల్లో సిరీస్ ముగించేశారు. ఆ లెక్కకి హద్దు ఉందని అక్కడ తెలిసింది.

ఎత్తు తక్కువన్న సంగతే జట్లు అతన్ని ఆలస్యంగా ఎంచుకునేలా చేసింది. కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ 2022లో మాంట్రియల్‌లోనే జరిగింది. కెనేడియన్స్ అక్కడ తొలి ఎంపికగా యురాయ్ స్లాఫ్కోవ్‌స్కీని తీసుకున్నారు. హట్సన్ పేరు రెండో రౌండ్ చివర్లో, 62వ స్థానంలో వచ్చింది. డ్రాఫ్ట్‌కి ముందు జట్లతో మాట్లాడేటప్పుడు, ఇంకా ఎదుగుతానని డాక్టర్ రాసిచ్చిన చీటీ చూపించాడట. నవ్వొచ్చినా అందులో పట్టుదల కనిపిస్తుంది. తర్వాత బోస్టన్ యూనివర్సిటీలో రెండేళ్ళు ఆడి, 2024 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌ఎల్ అరంగేట్రం చేశాడు. కెనేడియన్స్‌లో అతనికి దొరికిన కోచ్ మార్టిన్ సాన్ లూయీ. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, తర్వాత 2004లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ గెలిచాడు. ఇంకో కోచ్ అయితే కుర్రాడి చేత గీత దగ్గర పక్ కొట్టించేసేవాడేమో. సాన్ లూయీ అతన్ని ఆడనిచ్చాడు, మ్యాచ్‌కి సగటున 22 నిమిషాలకు పైగా.

2025లో ఉత్తమ తొలి సీజన్ ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ హట్సన్‌కే దక్కింది. కెనేడియన్స్ ఆటగాడికి అది రావడం 1972లో గోల్‌కీపర్ కెన్ డ్రైడెన్ తర్వాత ఇదే మొదలు. ఆ అక్టోబర్‌లో జట్టు అతనితో ఎనిమిదేళ్ళకి 7.08 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. పొట్టి డిఫెండర్ల విషయంలో మిగతా జట్లు పాఠం నేర్చుకున్నాయా అంటే, అతని తమ్ముడు కోల్‌నీ 2024లో రెండో రౌండ్ దాకా ఆగి 43వ స్థానంలో తీసుకున్నారు. తీసుకున్నది వాషింగ్టన్.