ఎండను లెక్కకట్టిన ఆచార్యుడు

సూర్యశక్తిని పొగడుట తేలిక. చదరపు మీటరు పలకపై పడిన ఎండలో ఎంత వేడి మనకు దక్కునో, ఎంత జారిపోవునో లెక్కకట్టి చెప్పుట కష్టము. ఈ కష్టమైన పనిని మన ఇంజనీరింగు విద్యార్థులకు నేర్పినవారిలో ఆచార్య ఎస్. పి. సుఖాత్మే ముఖ్యులు.

ఆయన 1964లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డాక్టరేటు పొంది, 1965లో బొంబాయి ఐ.ఐ.టి.లో మెకానికల్ ఇంజనీరింగు బోధకులుగా చేరినారు. 1995 నుండి 2000 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగాను, తరువాత 2005 వరకు అణుశక్తి నియంత్రణ మండలికి అధ్యక్షులుగాను పనిచేసినారు.

సూర్యతాపమును సేకరించి నిల్వచేసే సూత్రాలపై ఆయన వ్రాసిన పాఠ్యగ్రంథము 1984లో వెలువడినది. గ్రంథానికి వెన్నెముక ఒక్కటే: పలక పీల్చుకొన్న వేడి, నీటికి చేరిన వేడికిని బయటికి పోయిన వేడికిని మొత్తము. నల్లని పూత ఎందుకు, పైన గాజు ఎందుకు, అడుగున దూదివంటి పొర ఎందుకు అనే ప్రశ్నలన్నిటికీ ఈ ఒక్క సమీకరణమే జవాబు చెప్పును. ఇది గ్రంథానికి గొప్ప బలము. గణితము నిండుగా ఉండుటచేత ఉన్నత పాఠశాల విద్యార్థి దీనిని నేరుగా చదువలేడు. ఉపాధ్యాయుడే నడుమ వంతెన కావలెను.

ఆచార్యుని బోధనకు అసలు పరీక్ష 2011లో వచ్చినది. ఆ సంవత్సరము ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఆయన దేశమంతటికీ లెక్క వేసినారు. 2070 నాటికి జనాభా 170 కోట్లు, మనిషికి ఏటా 2,000 యూనిట్లు అనుకొంటే 3,40,000 కోట్ల యూనిట్ల విద్యుత్తు కావలెను. తరుగని వనరులన్నీ కలిసి ఇవ్వగలిగినది 1,22,900 కోట్లు, అనగా నూటికి 36 పాళ్లు మాత్రమే. జీవితమంతా సూర్యశక్తిని బోధించిన ఆచార్యుడు అది ఒక్కటే చాలదని తేల్చుట ఆశ్చర్యమే. అణుశక్తి మండలిలోని పదవిని చూపి ఆ వ్యాసాన్ని తోసిపుచ్చుట మాత్రము విమర్శ అనిపించుకోదు. అంకెకు అంకెతోనే జవాబు చెప్పవలెను.

అట్టి జవాబు 2012లో అదే పత్రికలో వచ్చినది. సూర్యవిద్యుత్తుకు భూమి నిజముగా అడ్డమా అని మితవచన్, జె. శ్రీనివాసన్ ప్రశ్నించి, సాగుకు పనికిరాని భూమిలోను బీడు భూమిలోను నూటికి 4.1 పాళ్లు ఉంటే ఆ 3,40,000 కోట్ల యూనిట్లూ ఎండ నుండే తీయవచ్చునని చూపినారు.

ఎవరి మాట సబబు? మన ప్రాంతపు ఉదాహరణతో విద్యార్థులే సరిచూడవచ్చును. 2017లో పూర్తయిన కర్నూలు సౌరవిద్యుత్ పార్కు 1,000 మెగావాట్లది. విస్తీర్ణము సుమారు 5,900 ఎకరాలు. అనగా మెగావాటుకు ఆరు ఎకరాలు. రాత్రులు, మబ్బులు పోగా పూర్తి శక్తిలో అయిదవ వంతే సగటున దక్కుననుకొంటే, ఒక మెగావాటు ఏటా 17.5 లక్షల యూనిట్లు ఇచ్చును. ఈ లెక్కన మొత్తము అవసరానికి 19.4 లక్షల మెగావాట్లు, సుమారు 1.16 కోట్ల ఎకరాలు కావలెను. అది దేశ విస్తీర్ణములో నూటికి ఒకటిన్నర పాలు కూడా లేదు. భూమి విషయములో 2012 నాటి విమర్శకే బలమున్నది.

అయినా ఆచార్యుని హెచ్చరిక వ్యర్థము కాలేదు. 2025 జనవరిలో దేశపు సౌరవిద్యుత్ సామర్థ్యము 1,00,000 మెగావాట్లు దాటినది. కాని సూర్యాస్తమయము తరువాత దీపము వెలుగవలెనంటే పగటి విద్యుత్తును దాచవలెను. పై లెక్కలో ఆ దాపు ఖర్చు చేరలేదు. సేకరణతోపాటు నిల్వనుకూడా 1984లోనే గ్రంథనామములో చేర్చిన దూరదృష్టి ఆయనది.

ఆయన తీర్పును కొందరు ఒప్పుకొనకపోవచ్చు. దానిని కాదనుటకు కూడా ఆయన నేర్పిన పద్ధతినే ఆశ్రయించవలసి వచ్చినది. ఊహలను దాచక ముందుంచి, తరువాత గుణించుటయే ఆ పద్ధతి. తరగతిలో నేర్పవలసినది 36 అనే అంకెను కాదు, ఆ అంకె ఏ ఊహపై నిలిచినదో అడిగే అలవాటును.