ప్రశ్న తెలుగులో అడిగింది, జవాబు ఎక్కడ రాసింది?

భిలాయి స్మృతి నగర్‌లో మా పక్కింటి అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు. ఉక్కు కర్మాగారంలో పని కోసం వాళ్ళ తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అబ్బాయికి తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవటం అంతంతమాత్రం. బడిలో హిందీ, ఇంగ్లీషు. వాళ్ళ నాయనమ్మగారికి తెలుగు చదవటం వచ్చు, కంప్యూటరు సంగతి తెలియదు. క్రిందటి వేసవిలో ఇంట్లోని పాత కంప్యూటరులో డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించాలని వాడు కూర్చున్నాడు. సరదాకి భాషల జాబితాలో తెలుగును ఎంచుకున్నాడు. ఆ తర్వాత తెరమీద వచ్చే ప్రశ్నలను కూడబలుక్కోలేక నాయనమ్మను పిలిచాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతుంటే వాడు జవాబులు నొక్కుతున్నాడు. నేను చూడటానికి వెళ్ళేసరికి పని సగంలో ఉంది.

డిస్కును భాగాలుగా విభజించే చోట ఒక ప్రశ్న వచ్చింది. ఈ మార్పులను డిస్కు మీద రాసేయమంటారా, రాస్తే అక్కడ ఉన్న సమాచారం పోతుంది అని దాని సారాంశం. ఆమె చదవటం ఆపి, “ఒరేయ్, ఆగు. మీ అత్త పెళ్ళి ఫొటోలు ఇందులోనే ఉన్నాయి కదరా?” అన్నారు. ఉన్నాయి. వాడు అంతటితో ఆపి, పాత సిస్టముతోనే కంప్యూటరును మళ్ళీ మొదలుపెట్టి, ఫొటోలన్నీ పెన్‌డ్రైవులోకి తీసుకున్నాకే ముందుకు సాగాడు.

ఆ ప్రశ్న అడిగిన ప్రోగ్రాము పేరు డెబ్‌కాన్ఫ్. పుస్తకాలనూ సినిమాలనూ సమీక్షించినట్లు ఇలాంటి పనిముట్టునూ సమీక్షించవచ్చునని నా అభిప్రాయం. మనిషికీ యంత్రానికీ మధ్య జరిగే మొదటి సంభాషణ దీని చేతిలోనే ఉంది కదా!

డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించాడు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, దాని మూలరచనను చదవవచ్చు, మార్చవచ్చు. ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని వేలాది ప్యాకేజీలుగా తయారు చేస్తారు. మొదట్లో ప్రతి ప్యాకేజీ తనకు కావలసిన ప్రశ్నలను తనకు తోచిన పద్ధతిలో, తనకు తోచిన సమయంలో అడిగేది. ఇన్‌స్టాల్ జరుగుతుండగా మధ్యలో ఎప్పుడు ఏ ప్రశ్న పడుతుందో తెలియక మనిషి యంత్రం ముందు కాపలా కూర్చోవలసి వచ్చేది. 1999లో జోయీ హెస్ రాసిన డెబ్‌కాన్ఫ్ ఈ అడిగే పనినంతా ఒక్కచోటికి తెచ్చింది. ప్యాకేజీ తన ప్రశ్నను దీనికి అప్పగిస్తుంది. ఇది దాన్ని మామూలు అక్షరాల తెరమీదా, బొమ్మల తెరమీదా దేనిమీదైనా అడగగలదు. అవసరమైతే అసలు అడగకుండా ముందే ఇచ్చిపెట్టిన జవాబును వాడుకోగలదు. మా పక్కింట్లో పలికింది దీని తమ్ముడు: ఇన్‌స్టాలరు కోసం సి భాషలో తిరిగి రాసిన రూపం.

ఇందులో నాకు బాగా నచ్చినది ప్రశ్నలకు పెట్టిన తరగతులు. ప్రతి ప్రశ్నకూ నాలుగు స్థాయిల్లో ఒకటి కేటాయించాలి. ఎవరికైనా సరిపోయే జవాబు ముందే ఉంటే అది అతి తక్కువ స్థాయి. సబబైన జవాబు ఒకటి ఉంటే మధ్యస్థం. అలాంటిది లేకపోతే ఎక్కువ. మనిషి చెప్పకపోతే సిస్టము దెబ్బతినే ప్రమాదం ఉంటే అత్యవసరం. మామూలుగా ఇన్‌స్టాల్ చేసేవారికి పై రెండు స్థాయిల ప్రశ్నలే కనిపిస్తాయి. డిస్కు మీద రాయటం గురించిన ప్రశ్న అత్యవసర స్థాయిలోది. పైగా దానికి ముందే పెట్టి ఉంచిన జవాబు ‘వద్దు’. కంగారులో ఎంటర్ నొక్కినా ఏమీ చెరిగిపోదు. ఎవరో ఎక్కడో కూర్చుని, తనకు తెలియని ఇంట్లో జరగబోయే పొరపాటును ఇలా ముందుగానే ఊహించారు. మర్యాద అంటే ఇదే అనిపిస్తుంది నాకు.

రెండో మంచి గుణం కాస్త లోతైనది. మనం చెప్పిన జవాబులను డెబ్‌కాన్ఫ్ ఒకచోట దాచుకుంటుంది. అయితే దాచుకునే డైరెక్టరీ పేరులోనే ‘క్యాష్’ అని ఉంది; అంటే తాత్కాలికంగా గుర్తుంచుకోవటానికే. అసలు అమరికలన్నీ ఈటీసీ అనే డైరెక్టరీలో, చదవటానికి వీలైన మామూలు అక్షరాల ఫైళ్ళలో ఉంటాయి. ఆ ఫైలును మీరు చేత్తో మార్చుకుంటే మీ మాటే చెల్లాలి, ప్యాకేజీ కొత్త రూపం వచ్చినా దాన్ని తుడిచెయ్యకూడదు అనేది డెబియన్ విధాన పత్రంలోని నియమం. విండోస్ 95 కాలం నుంచి మనకు తెలిసిన రిజిస్ట్రీ పద్ధతికి ఇది వ్యతిరేకం.

పోలిక కోసం జర్మనీలో పుట్టిన సూసె లినక్స్‌లోని యాస్ట్‌ను చూడండి. 1996లో వచ్చిన ఈ పనిముట్టు డెబ్‌కాన్ఫ్ కంటే ఎంతో అందమైనది, ఎన్నో పనులు చేసేది. డిస్కు, ప్రింటరు, నెట్‌వర్కు, వాడకందారుల ఖాతాలు, అన్నీ ఒకే కిటికీలో. కాని తొలి రోజుల్లో అది చాలా అమరికలను ఆర్‌సీ డాట్ కాన్ఫిగ్ అనే ఒకే పెద్ద ఫైలులో పెట్టి, అందులోంచి మిగతా ఫైళ్ళను మరొక ప్రోగ్రాముతో పుట్టించేది. మీరు చేత్తో దిద్దిన ఫైలు కనిపిస్తే దాన్ని చెరిపేది కాదు గాని, పక్కనే తన ఫైలు మరొకటి పెట్టి ఊరుకునేది. ఏది అమలులో ఉందో తేల్చుకోవటం మీ వంతు. 2002లో ఆ పెద్ద ఫైలును విడగొట్టారు. 2004 దాకా యాస్ట్‌ను కంపెనీ అనుమతి లేకుండా డబ్బుకు పంచే వీలు కూడా లేదు. నోవెల్ సంస్థ చేతికి వచ్చాక ఆ సంవత్సరమే స్వేచ్ఛా లైసెన్సు ఇచ్చారు. 2025లో వచ్చిన ఓపెన్‌సూసె లీప్ 16లో యాస్ట్ లేదు. అంతటి రాజభవనం ఖాళీ కాగా, ప్రశ్న అడిగి పక్కకు తప్పుకునే డెబ్‌కాన్ఫ్ మాత్రం నేటికీ పనిచేస్తోంది. చిన్న పని ఒప్పుకున్నందువల్లనే అది నిలిచిందని నేను అనుకుంటాను.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది, విద్యార్థికి నష్టం కలిగించేది ఒకటుంది: జవాబు తీసుకున్నాక దాన్ని ఏ ఫైలులో రాసిందో తెర చెప్పదు. ఉక్కు కర్మాగారం కంట్రోల్ రూములో మీట తిప్పేవాడికి అది ఏ వాల్వును కదిలిస్తుందో తెలిసి ఉండాలి. ఇక్కడ మీట ఉంది, వాల్వు పేరు లేదు. అసలు అమరిక ఫైలులోనే ఉండాలని అంత మంచి నియమం పెట్టుకుని, ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే ఒక్క వాక్యం పెట్టకపోవటం నాకు అర్థం కాదు.

రెండోది భాషను ఎంచుకునే తెర. సిస్టము నడుస్తుండగా తరువాత ఎప్పుడైనా తెలుగును చేర్చుకోవాలంటే లొకేల్స్ అనే ప్యాకేజీ వందలాది సంకేతాల జాబితా చూపుతుంది. అందులో తెలుగు అన్న మాట ఉండదు. టీ, ఈ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఆ పక్కన ఇండియాకు ఐ, ఎన్ మాత్రం ఉంటాయి. తెలుగు కావాలనే మనిషి తెలుగును ఇంగ్లీషు పొడి అక్షరాల్లో గుర్తుపట్టాలన్న మాట!

తెలుగు ఇన్‌స్టాలరు బొమ్మల తెరమీదే తప్ప అక్షరాల తెరమీద రాదు. దీన్ని డెబ్‌కాన్ఫ్ తప్పు అనలేం. పాత వీజీఏ తెరలో వరుసకు 80 గళ్ళు, 25 వరుసలు. చూపగల అక్షర రూపాలు 256, మహా అయితే 512. మన హల్లులు 35 అనుకుని, ఒక్కొక్కదానికి 14 గుణింత రూపాలు వేసుకోండి. 490 అయిపోయాయి. అచ్చులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు, ఆపైన వత్తులు ఎక్కడ పెట్టాలి? గడికి ఒక అక్షరం అనే లెక్క మన లిపికి సరిపడదు. డెబియన్ 2007లో బొమ్మల ఇన్‌స్టాలరు తెచ్చాకే ఇలాంటి లిపులకు దారి ఏర్పడింది.

అనువాదకుడిగా నా ఫిర్యాదు వేరే ఉంది. డెబ్‌కాన్ఫ్ ప్రశ్నలను ప్రోగ్రాము నుంచి విడదీసి అనువాదకుడికి ఇస్తుంది, అది గొప్ప సౌకర్యం. కాని వాక్యం మధ్యలో ఖాళీ వదిలి, డిస్కు పేరో కంప్యూటరు పేరో అక్కడ అప్పటికప్పుడు నింపుతుంది. ఇంగ్లీషులో పేరు ఏదైనా పక్క మాట మారదు. తెలుగులో ఇల్లు ‘ఇంటికి’ అవుతుంది, ఊరు ‘ఊరిలో’ అవుతుంది; రాబోయే పేరు తెలియకుండా విభక్తి ఎలా అతికించాలి? అందుకని అనువాదకులు ‘అనే’ అన్న ఊతకర్ర పట్టుకుంటారు: ఫలానా అనే డిస్కులో, ఫలానా అనే భాగాన్ని. తప్పు కాదు, కాని ఎవరూ ఇంట్లో అలా మాట్లాడరు. ఖాళీని వాక్యంలో ముందుకో వెనక్కో జరుపుకునే వీలు మాత్రం ఉంది. అదే మన అదృష్టం. నాయనమ్మగారు ఒకచోట ఆగి, “ఇది తెలుగే గాని, మన తెలుగు కాదు” అన్నారు. ఆ మాట విన్న తర్వాత నేను చేసిన పాత అనువాదాలు కొన్ని తీసి చూసుకున్నాను. సంతోషం కలగలేదు.

వారం తర్వాత అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. టైమ్‌జోనును మళ్ళీ అడిగించుకోవటం నేర్చుకున్నాడట. డీపీకేజీ-రీకాన్ఫిగర్ అనే ఆజ్ఞకు టీజడ్‌డేటా అనే ప్యాకేజీ పేరు చేరిస్తే చాలు, మొదట్లో దాచిన చిన్న ప్రశ్నలు కూడా బయటికి వస్తాయి. సరే, జవాబు ఎక్కడికి వెళ్ళిందో చూశావా అన్నాను. ఇద్దరం ఈటీసీలో వెతికాం. లోకల్‌టైమ్ అనే పేరుంది. అది నిజానికి ఫైలు కాదు, ఒక లంకె. ఆసియా డైరెక్టరీలోని కోల్‌కతా ఫైలువైపు వేలు చూపుతోంది.

“మనం ఉన్నది భిలాయిలో కదా అంకుల్, కోల్‌కతా ఎందుకు?” అన్నాడు. దేశమంతటికీ ఒకే కాలమానం కాబట్టి ఒక్క నగరం పేరు చాలునని చెప్పి, అట్లాసు తీయించాను. మన ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. భిలాయి 81 డిగ్రీలు దాటి కొద్ది దూరంలో ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క కట్టి, మన గడియారానికీ సూర్యుడికీ తేడా అయిదు నిమిషాల లోపేనని వాడే చెప్పాడు. కోల్‌కతాకు ఎంత తేడా వస్తుందో లెక్క వేయటానికి కాగితం తీసుకుని ఇంటికి వెళ్ళాడు.