కాంచనమాలని ఎలా గుర్తుపెట్టుకున్నాం?

కిందటి వేసవిలో చేబ్రోలు వెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో 'మాలపిల్ల' చూస్తుంటే అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాంచనమాల కనపడగానే, "తెనాలావిడేనే. పాపం, చివరికి పిచ్చెక్కిపోయిందిట" అంది.

"అమ్మమ్మా, పాడుతోంది, విను" అన్నాను.

"పాట సంగతి నాకేం తెలుసే! ఆవిడ జాకెట్లు చూసి అందరూ అలాంటివే కుట్టించుకునేవాళ్ళని మా అమ్మ చెప్పేది."

తెనాలి మాకు బస్సులో గంట ప్రయాణం కూడా కాదు. అంత దగ్గరి మనిషి గురించి మా ఇంట్లో మిగిలినవి ఆ రెండే, జాకెట్టూ పిచ్చీ. నేను చదివిన సినిమా వ్యాసాల్లో మూడోది ఒకటి చేరింది, అందం. ఆమె గొంతు గురించి ఒక్క వాక్యం కోసం వెతుక్కోవలసి వచ్చింది.

నేపథ్యగానం ఇంకా స్థిరపడని రోజులవి. కెమెరా తిరుగుతుండగానే మైకుకి అందేలా నిలబడి, ముఖంలో భావం చెదరకుండా, శ్రుతి తప్పకుండా పాడాలి. కాంచనమాలది కచేరీ గొంతు కాదు. మాట ఎక్కడ ఆగిందో పాట ఎక్కడ మొదలైందో తెలియనివ్వని గొంతు. నటనా గానమూ అప్పట్లో ఒకే పని. ఆ పని వచ్చిన మనిషిని అందగత్తె అని ఊరుకోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

1938లో ఆమె రెండు ముఖ్యమైన సినిమాలు చేసింది. హెచ్.ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'లో ఇల్లాలు కన్నాంబ అయితే, సంసారంలో చిచ్చుపెట్టే ఆడది కాంచనమాల. గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల'లో బ్రాహ్మణ యువకుణ్ణి ప్రేమించిన శంపాలత ఆమే. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, సారథి వారి నిర్మాణం. అప్పటికది ఎంత సాహసమో ఒప్పుకుంటూనే ఒక్కమాట అంటాను. కలకత్తా చేరాక శంపాలత పట్నపు ఆధునిక యువతిగా మారిపోతుంది. మాలపల్లె పిల్ల ప్రేమకి అర్హురాలు కావాలంటే ముందు మాలపల్లె పిల్లలా కనిపించడం మానెయ్యాలా?

ఈ ప్రశ్న నన్ను నీనా మే మెకిన్నీ దగ్గరికి తీసుకెళ్ళింది. 1929లో కింగ్ విడార్ తీసిన 'హల్లెలూయా'లో ఆడిపాడిన నల్లజాతి యువతి ఆమె. అక్కడా ఆమెకిచ్చింది మగవాణ్ణి దారి తప్పించే పాత్రే. ఎం.జి.ఎం. అయిదేళ్ళ ఒప్పందం రాయించుకుంది కానీ నాయిక వేషాలు ఇవ్వలేదు. తెల్లవాడి పక్కన ప్రేయసిగా నల్ల స్త్రీని చూపించడానికి ఆనాటి హాలీవుడ్ నియమావళి ఒప్పుకోదు. ఆమె యూరప్ వెళ్ళి పాడుకుంది. 1935లో పాల్ రాబ్సన్‌తో ఒక బ్రిటిష్ సినిమా చేసింది. 1967లో పోయింది. అమెరికాలో నల్లజాతి సినిమా కళాకారుల గౌరవ జాబితాలో ఆమె పేరు చేరింది 1978లో.

కులాన్నీ వర్ణాన్నీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. శంపాలత కులం తెరమీద చీర మారితే కనపడకుండా పోతుంది, మెకిన్నీ ఒంటిరంగు అలా పోదు. కాంచనమాలకి నాయిక వేషాలకి కొదవ కూడా లేదు, 'వందేమాతరం', 'ఇల్లాలు' వరసగా వచ్చాయి. ఇద్దరినీ కలిపేది ఒప్పంద పత్రం. 1942లో ఆమె జెమినీ వారి 'బాలనాగమ్మ' చేసింది. ఆ తర్వాత ఆ సంస్థతో ఒప్పందం విషయంలో తగాదా వచ్చిందనీ, బయట నటించే వీలు లేకపోయిందనీ సినిమా చరిత్రకారులు రాశారు. ఇది పనిచేసే మనిషికీ పని ఇచ్చేవాడికీ మధ్య వచ్చిన తగువు. మనవాళ్ళు మాత్రం దాన్ని విషాదగాథ చేసి, ఆమె మతి చెదిరిన ఘట్టాన్ని రుచిగా, మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నారు. మగ నటుడి పతనాన్ని వ్యాపారంలో నష్టంగానో తాగుడుగానో రాస్తాం. ఆడదానికి మాత్రం పిచ్చి!

ఇరవయ్యేళ్ళ తర్వాత స్నేహితురాలు లక్ష్మీరాజ్యం తన సొంత సినిమా 'నర్తనశాల'లో ఆమెకి చిన్న వేషం ఇప్పించింది. అమ్మమ్మ అడిగితే అదీ పెట్టాను. ఆ ముఖాన్ని పోల్చుకోవడానికి రెండుసార్లు ఆపవలసి వచ్చింది. అది 1963. అప్పటికి తెరమీద ఆడవాళ్ళు పెదవులు కదిపితే చాలు. ఆ సినిమాలో పాటలు సుశీల, జానకి పాడారు.