ఎత్తెరిగిన నీరు

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. సగమే అన్నారు. ఎత్తు కూడా ఎరిగినదానివి నువ్వు, గంగమ్మా! కాకపోతే నాసిక్ దగ్గర బ్రహ్మగిరి మీదికి నిన్ను చేర్చిందెవరు? ఏ ఏతం ఎత్తింది, ఏ మోట తోడింది, ఏ మోటారు ఎక్కించింది?

పడమటి కడలి నుంచి నువ్వే ఎక్కావు. ఎక్కబోయే ముందు ఉప్పుమూట విప్పి కడలికే వదిలేశావు. ఎండను మాత్రం కొంగున ముడేసుకున్నావు. అదెంత ఎండ! గ్రాము నీటిని మంచు చల్లదనం నుంచి మరిగేదాకా కాయడానికి నూరు కెలోరీలు చాలు. మరిగినదాన్ని ఆవిరి చెయ్యాలంటే ఇంకో 540 కావాలి. ఎసరు ఇట్టే తెర్లుతుంది గాని, ఇంకడానికి ఎంతసేపో వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. మబ్బులో మళ్ళీ చుక్కవయ్యేటప్పుడు ఆ ముడి విప్పి వేడిని గాలికిస్తావు. కడలి మీద అన్ని ముడులూ ఒక్కచోటే విప్పావా, అది తుఫాను. 1977 నవంబరు 19న దివిసీమ చూసింది. నిన్ను కొలిచేవాడు ఆ రోజును దాటేసి పోకూడదు.

గాలిలో నీ మకాం సగటున తొమ్మిది పది రోజులే. సహ్యాద్రి అడ్డొస్తుంది, వానవై దిగుతావు. బ్రహ్మగిరి నుంచి నువ్వెక్కి వచ్చిన కడలి సుమారు ఎనభై కిలోమీటర్లే. పుట్టింటికి పోవడం ఎంత తేలిక! పోవు. గోదారివై తూర్పుకు తిరిగి 1465 కిలోమీటర్లు నడుస్తావు. పాపికొండల నడుమ ఒదిగి, ధవళేశ్వరం దాటగానే పాయలవుతావు. అక్కడ 1852లో కాటన్ దొర ఆనకట్ట ముగించాడు; నీ నడకలో కొంత కాలువలకు మళ్ళింది, డెల్టా అన్నం తింది.

అయినా నీ దిగుడును పొగిడినవాళ్ళు చాలామంది. నాకు నీ ఎక్కుడే ముద్దు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతుంటే, గట్టు మీద తాటిచెట్టు నడినెత్తిన, ముంజె కన్నులో, తియ్యగా నువ్వు! నేల నెర్రెలు విచ్చింది, పైన గుక్కెడు నీళ్ళు. తోడే గుండె చెట్టుకు లేదు. ఆకు అంచున నీ కణం ఒకటి ఆవిరై లేస్తే, వెనకది దాని చెయ్యి వదలక పైకి జరుగుతుంది. దాని వెనక మరొకటి. వేరుదాకా ఒకటే గొలుసు. ఆ పట్టుదలే తామరాకు మీద నిన్ను ముత్యంలా గుండ్రంగా నిలుపుతుంది, చెరువులో నీటిపురుగును మునగకుండా నడిపిస్తుంది.

దాదాపు అన్నీ గడ్డకడితే బరువెక్కుతాయి, నువ్వు తేలికవుతావు. నాలుగు డిగ్రీల దగ్గర నీ సాంద్రత గరిష్ఠం. అంతకన్నా చల్లబడితే పైకి తేలతావు. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పైన గడ్డకట్టినా అడుగున చేప బతికేది అందుకే. అక్కడా ఎక్కడమే నీ గుణం.

అంతర్వేదిలో, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర, వశిష్ఠ పాయ కడలిలో కలుస్తుంది. గోదారి ఇక్కడితో అయిపోయిందని ఫొటోలు దిగి వెనక్కి మళ్ళుతారు జనం. వాళ్ళ చెప్పుల కింద తడి ఇసుక ఆరుతూనే ఉంటుంది.

ఆ ఎక్కుడును చేత్తో తాకాలంటే అంత దూరం పోనక్కర్లేదు. వేసవిలో మట్టికుండ పొట్ట నిమిరి చూడండి. సన్నటి రంధ్రాల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది, మిగిలింది మనకు చల్లగా దక్కుతుంది. ఫ్రిజ్ వచ్చాక ఈ ముచ్చట తగ్గిందనుకోండి. మీ ఇంట్లో కుండ ఇంకా ఉంటే తడి ఇసుక మీద పెట్టండి, చుట్టిన గుడ్డను ఆరనివ్వకండి.